మూసీ దాటని తెర

ఎంట్రీ ఫీజు కట్టించుకుని, సినిమాను ఒక్క మనిషికీ చూపించకుండా, మెయిల్లో సర్టిఫికెట్ పంపేవాళ్లను ఫెస్టివల్ అనడం ఇకనైనా మానుకోవాలి. అది వసూళ్ల దుకాణం. కొత్తగా సినిమా తీసే పిల్లల ఆశ మీద నడిచే దుకాణం.

వాళ్ల పద్ధతి చూడండి. నెలనెలా ఒక అంతర్జాతీయ ఉత్సవం అంటారు. హాలు ఉండదు, ప్రేక్షకులుండరు, జ్యూరీ ఎవరో బయటపెట్టరు. ఉత్తమ తొలి చిత్రం, ఉత్తమ మొబైల్ చిత్రం, ఉత్తమ పోస్టర్ అంటూ విభాగాలు పెంచుకుంటూ పోతారు, ఒక్కోదానికి విడిగా ఫీజు గుంజుతారు. కొన్నాళ్లకు రెండు ఆకుకొమ్మల మధ్య ‘అఫీషియల్ సెలక్షన్’ అని రాసిన బొమ్మ వస్తుంది. ఆ వెనకే అవార్డు వస్తుంది. ట్రోఫీ చేతికి రావాలంటే మాత్రం తయారీకి, కొరియర్‌కి మళ్లీ డబ్బు పంపాలి.

పాతబస్తీ శాలిబండలో ఒక కుర్రాడు తన సినిమా పోస్టరు నాకు చూపించాడు. పైభాగమంతా ఆ ఆకుకొమ్మలే. ఇన్ని చోట్ల ఎంపికైన ఆ పదకొండు నిమిషాల సినిమాను పెద్ద తెర మీద చూసినవాళ్లెందరు అని అడిగాను. ఒక్కరూ లేరన్నాడు. తీసిన తనే చూసుకోలేదు.

ఆ సినిమా వాళ్లమ్మ గురించి. లాడ్ బజార్ దుకాణాలకు ఇంట్లోనే లక్కగాజులు చేసి ఇస్తుందామె. నిప్పుల మీద లక్కను మెత్తబరిచి, సాగదీసి, కడియానికి చుట్టి, అది చల్లారేలోగా రాళ్లు ఒక్కొక్కటే అద్దాలి. చెయ్యి కాలినా ఆపడానికి లేదు. సినిమాలో దాదాపు రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. బొగ్గుల చిటపట, రాయి లక్కలోకి దిగే చిన్న చప్పుడు, పక్కగదిలో ఎవరో పాపతో ఎక్కాలు చెప్పిస్తున్న గొంతు, అంతే. ఫోన్ స్పీకర్లో ఇవేవీ వినపడవు. వినపడకపోతే ఆ సినిమాయే లేదు. చీకటి హాల్లో, మంచి స్పీకర్ల ముందు, ముక్కూమొహం తెలియని నూటయాభై మంది మధ్య ఆ రెండు నిమిషాలు ఎలా గడుస్తాయో తెలుసుకునే హక్కు ఆ కుర్రాడికి ఉంది. జనం ఎక్కడ కుర్చీల్లో మెదిలారు, ఎక్కడ ఫోన్లు తీశారు, ఎక్కడ ఊపిరి బిగబట్టారు, ఇవన్నీ వెనక వరసలో నిలబడి చూస్తేనే దర్శకుడికి తన తప్పొప్పులు తెలిసేది. ఆ పాఠం ఏ ఎడిటింగ్ టేబుల్ దగ్గరా దొరకదు. ఫెస్టివల్ ముందు ఇవ్వాల్సింది అది. మిగతావన్నీ ఆ తర్వాతే.

హైదరాబాద్ లక్కగాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ గాజు చేసే చేతుల మీద తీసిన సినిమాకు ఇంత పెద్ద నగరంలో ఒక సాయంత్రం, ఒక తెర దొరకలేదు. నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

పాతబస్తీని వాడుకోవడానికి మాత్రం అందరూ సిద్ధమే. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ కోసం ఏకంగా చార్మినార్‌నే సెట్ వేసుకున్నారు. ఆ కళాకారుల పనితనానికి నేను వంక పెట్టను. కానీ మన తెలుగు సినిమాలో పాతబస్తీ అంటే ఏమిటి? కత్తి పట్టుకున్న భాయ్, ఇరుకు గల్లీలో ఛేజింగ్, బిర్యానీ మీద ఒక జోకు. లాల్‌దర్వాజా బోనాలు పాటకు కావాలి, గౌలిపురాలో బతికేవాళ్ల బతుకు కథకు అక్కర్లేదు. అదే గల్లీ పిల్లవాడు చార్మినార్ ముందు ట్రైపాడ్ నిలబెడితే పురావస్తు శాఖ పర్మిషన్ ఏదని అడుగుతారు.

పాతబస్తీ తన నోటితో తాను మాట్లాడితే ఎవరు చూస్తారన్న అనుమానం ఎప్పుడో తీరిపోయింది. కుంట నిఖిల్ తీసిన ‘ది అంగ్రేజ్’లో ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూ చెప్పిన దక్కనీ డైలాగులను ఊరు ఊరంతా బట్టీపట్టింది. 2006లో ‘హైదరాబాద్ నవాబ్స్’ కూడా వచ్చింది. పెద్ద స్టార్లు లేరు, పెద్ద బ్యానర్లు లేవు. అయితే ఆ దారిలో ఆ తర్వాత వచ్చినవి ఎక్కువగా కామెడీలే. ఎందుకంటే నవ్వించే సినిమాకు బజారు దొరుకుతుంది. నవ్వించని సినిమాకు, కర్ఫ్యూ గురించో కుంపటి గురించో మాట్లాడే సినిమాకు, ఏ బజారూ ఉండదు. దానికి ఫెస్టివలే దిక్కు. ఆ దిక్కు ఇక్కడ లేకుండా పోయింది.

‘క్యా హువా ఇస్ షహర్ కో?’ అనే సినిమా పేరు పాతబస్తీలో ఈనాటి పిల్లల్లో ఎందరికి తెలుసు? హైదరాబాద్‌లో పుట్టిన దీపా ధన్‌రాజ్ 1986లో ‘హైదరాబాద్ ఏక్తా’ బృందంతో కలిసి తీసిన డాక్యుమెంటరీ అది. కెమెరా నవరోజ్ కాంట్రాక్టర్. 1984లో ఇక్కడ జరిగిన మతకల్లోలాలు, ఊరేగింపులు, మైకుల్లో నాయకుల ప్రసంగాలు, కర్ఫ్యూలో పని పోగొట్టుకున్న కూలీల మాటలు, అన్నీ అందులో ఉన్నాయి. అల్లర్లు ఎవరు మొదలుపెడతారు, వాటివల్ల ఎవరికి లాభం, ఎవరింట్లో పొయ్యి ఆరిపోతుంది అని సూటిగా అడిగిన సినిమా. దాని ప్రింటును డిజిటల్‌గా పునరుద్ధరించింది బెర్లిన్‌లోని ఆర్సెనాల్ సంస్థ. 2013లో బెర్లిన్ ఫెస్టివల్‌లో ఫోరమ్ విభాగంలో దాన్ని మళ్లీ వేశారు. ఆ సంస్థకు రెండు చేతులా దండం పెడతాను. కానీ మన గల్లీల చరిత్రను జర్మనీలో భద్రపరిచాక కూడా, దాన్ని యాకుత్‌పురాలోనో మొఘల్‌పురాలోనో ఏటా ఒకసారి వేసుకునే ఏర్పాటు మనం చేసుకోలేదు. ఇది ఈ నగరానికి సిగ్గుచేటు. ఆ సినిమా చూసి పెరిగిన పిల్లవాడు కెమెరా పట్టుకుంటే తన గల్లీని వేరేగా చూస్తాడు. మనం ఆ అవకాశాన్నే లాక్కున్నాం.

మంచి పని చేసినవాళ్ల గురించీ చెప్పుకోవాలి. తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ 2016లో రవీంద్రభారతిలో ‘సినివారం’ మొదలుపెట్టింది. శనివారం సాయంత్రం పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్లో కొత్తవాళ్ల షార్ట్ ఫిల్ములు వేస్తారు. ఆ థియేటర్‌కు మూకీల కాలంలోనే కరీంనగర్ నుంచి బొంబాయి వెళ్లి హీరో అయిన జైరాజ్ పేరు పెట్టడం కూడా నాకు నచ్చుతుంది. అక్కడ సినిమా అయ్యాక లైట్లు వేసి దర్శకుణ్ణి ముందుకు పిలుస్తారు. అతని వెనకే కెమెరామన్, డబ్బు సర్దిన స్నేహితుడు, నటించిన పెదనాన్న కూడా వస్తారు. ప్రేక్షకుల్లోంచి ఎవరో లేచి రెండో సగం సాగదీశావు తమ్ముడూ అని ముఖం మీదే చెబుతారు. నా దృష్టిలో కొత్త దర్శకుడికి దక్కే అసలు అవార్డు అదే.

కానీ రవీంద్రభారతి సైఫాబాద్‌లో ఉంది. తక్కిన సినిమా సందడి బంజారాహిల్స్‌లో, హైటెక్ సిటీలో. ఫలక్‌నుమా దాకా వెళ్తుందన్న మెట్రో గ్రీన్ లైన్ 2020లో ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. తలాబ్‌కట్టలో ఉండే ఒక ఆడపిల్ల రాత్రి తొమ్మిదికి హైటెక్ సిటీలో షో చూసి ఇల్లు చేరాలంటే ఎంత ఆటో ఛార్జీ, ఇంట్లో ఎన్ని మాటలు? నిర్వాహకులు ఎన్నడైనా ఆ లెక్క వేశారా? పాతబస్తీ వాళ్లకు ఆర్ట్ సినిమా మీద ఆసక్తి లేదని తీర్పు చెప్పేవాళ్లు ముందు మూసీ మీది నయాపూల్ దాటి ఒక తెర కట్టి చూపించాలి. తెర కట్టకుండా జనం రాలేదనడం అన్యాయం.

శాంతిభద్రతల సమస్య వస్తుందనేది ఇంకో సాకు. 2021లో ఇదే ప్రభుత్వ యంత్రాంగం ఆదివారం సాయంత్రాలు చార్మినార్ దగ్గర వాహనాలు ఆపి ‘ఏక్ షామ్ చార్మినార్ కే నామ్’ నడిపింది. కుటుంబాలు కుటుంబాలు వచ్చి రోడ్డు మీద తిరిగాయి. పాటకు, తినుబండారాలకు లేని భయం సినిమాకు ఎందుకు?

షార్ట్ ఫిల్మ్ వల్ల ఏమొస్తుందని అడిగేవాళ్లకు తరుణ్ భాస్కర్ పేరు చాలు. 48 గంటల్లో సినిమా తీసి ఇవ్వాలన్న పోటీ కోసం ‘అనుకోకుండా’ తీశాడు, అందులో రీతూ వర్మ నటించింది. అదే జంట 2016లో ‘పెళ్లిచూపులు’ తెచ్చింది, అది జాతీయ అవార్డు గెలిచింది. ఆ 48 గంటల గడువు లేకపోతే, ఆ సినిమాను చూసే కళ్లు లేకపోతే ఆ దారి అంత తొందరగా తెరుచుకునేదా?

ఇక్కడ మనం పోగొట్టుకున్నదీ తక్కువేం కాదు. 1999 నుంచి రెండేళ్లకోసారి నవంబరులో జరిగే అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవానికి హైదరాబాద్ శాశ్వత వేదిక అన్నారు. పిల్లలు తీసిన సినిమాలకూ అందులో చోటుండేది. 2017లో 20వ ఉత్సవం జరిగింది. ఆ తర్వాత ఆగిపోయింది. నడిపే చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీనే 2022లో ఎన్ఎఫ్‌డీసీలో కలిపేశారు. శాశ్వతం అన్న మాట గాల్లో కలిసింది. ఈ ఊరి సినిమా పెద్దలెవరూ గట్టిగా అడగలేదు.

కేరళవాళ్లు ఎలా నిలబెట్టుకున్నారో చూడండి. 2008 నుంచి డాక్యుమెంటరీలకు, షార్ట్ ఫిల్ములకు తిరువనంతపురంలో వేరే ఉత్సవమే నడుపుతున్నారు. అది ప్రభుత్వ చలచిత్ర అకాడమీ పని. 2017లో అక్కడికి ఎంపికైన మూడు సినిమాలకు కేంద్రం సెన్సార్ మినహాయింపు నిరాకరించింది. అందులో ఒకటి మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల మరణం తర్వాతి ఉద్యమం మీద తీసినది. మన ఊరి గాయం గురించిన సినిమా కోసం గొడవపడింది మలయాళీలు. అలాంటి సినిమా వేస్తాం అని ముందుకొచ్చే ఉత్సవం మనకుంటే కదా ఆపడానికైనా!

ఇంకా దూరం చూస్తే, షార్ట్ ఫిల్ముకు ప్రపంచంలో పేరున్న రెండు ఉత్సవాలు ఏ రాజధాని నగరాల్లోనూ లేవు. ఓబర్‌హౌసెన్ జర్మనీలో రూర్ లోయలో ఒకప్పటి బొగ్గు గనుల, ఉక్కు కార్ఖానాల ఊరు. 1954లో అక్కడ మొదలైంది. 1962లో 26 మంది కుర్ర దర్శకులు పాత సినిమా చచ్చిపోయిందని అక్కడే ప్రకటన చేసి, జర్మన్ సినిమాను మలుపు తిప్పారు. క్లెర్మాన్ ఫెరాన్ ఫ్రాన్సులో మిషెలిన్ టైర్ల ఊరు. 1979లో విద్యార్థులు వారం రోజుల షార్ట్ ఫిల్మ్ ప్రదర్శనగా మొదలుపెట్టింది, ఇవాళ ప్రపంచంలోనే అతి పెద్దది. రెండూ చెమటోడ్చి పనిచేసేవాళ్ల ఊళ్లు. లక్క, జరీ, వెండిరేకులు కొట్టే పని, బట్టల కుట్టుపని చేసే మన పాతబస్తీ వాటికి ఏం తీసిపోయింది?

కాబట్టి అడుగుతున్నాను. ఖిల్వత్‌లో ఉర్దూ మస్కన్ ఉంది. మొఘల్‌పురాలో ఉర్దూ ఘర్ ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆడిటోరియం ఉంది. కొత్త భవనం కట్టమని ఎవరూ అనడం లేదు. రంజాన్ నెలను, బోనాలను, మొహర్రంను తప్పించి చలికాలంలో మూడు రోజులు పెట్టండి. ఎంట్రీ ఫీజు ఒక్క రూపాయి కూడా వద్దు. ఎంపికైన ప్రతి సినిమాకు ప్రదర్శన రుసుము ఉత్సవమే ఎదురివ్వాలి, అదీ లైట్లు ఆర్పకముందే. దక్కనీ సినిమాకు తెలుగు సబ్‌టైటిల్స్, తెలుగు సినిమాకు ఉర్దూ సబ్‌టైటిల్స్ వేయించే ఖర్చు కూడా ఉత్సవానిదే. ఎంపిక చేసేవాళ్ల పేర్లు మొదటి రోజే గోడ మీద అతికించాలి. మధ్యాహ్నం ఆటలు ఆడవాళ్లు, పిల్లలు నడిచొచ్చేలా ఉండాలి. మొదటి రోజు మొదటి ఆట ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ వెయ్యండి. దాని వెనకే శాలిబండ కుర్రాడి పదకొండు నిమిషాలు.

ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్, భాషా సాంస్కృతిక శాఖ, ఉర్దూ అకాడమీ ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఇది ఒక్క ఏడాదిలో అయ్యే పని. కూర్చోండి. తేదీ చెప్పండి.