బొగ్గు బాయి పక్కన హవాయి

జపాన్‌లో ఒక హవాయి ఉంది. టోక్యోకి ఉత్తరంగా దాదాపు రెండు వందల కిలోమీటర్లు వెళ్తే ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లో ఇవాకి అనే ఊరు వస్తుంది. ఆ ఊరి కొండల మధ్య ఉంది. పేరు స్పా రిసార్ట్ హవాయియన్స్. బయట చలికి చెవులు గడ్డకడుతుంటాయి. లోపలేమో పెద్ద డోమ్ కింద పచ్చటి పామ్ చెట్లు, ఏడాదంతా 28 డిగ్రీల వెచ్చదనం, పువ్వుల చొక్కాలేసుకుని ఐస్‌క్రీమ్ తింటున్న జపాన్ తాతయ్యలు.

మనవాళ్లు జపాన్ వస్తే డిస్నీలాండ్, ఫుజి కొండ, క్యోటో చూసుకుని ఫ్లైట్ ఎక్కేస్తారు. రీల్స్ చూసి వచ్చినవాళ్లు కొందరు హకోనేలోని యునెస్సన్‌కి వెళ్తారు. అక్కడ వైన్ తొట్టి, కాఫీ తొట్టి, గ్రీన్ టీ తొట్టి ఉంటాయి. అదీ సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ ఇంటిల్లిపాదీ కలిసి ఒక్క చోటికే వెళ్లే వీలుంటే నా ఓటు హవాయియన్స్‌కే. స్లైడ్ల కోసం కాదు, ఆ వేడినీళ్ల కథ కోసం. మా అందరిలో ఆ కథ ముందుగా అర్థమైంది మా నాన్నకి. ఆయన బెల్లంపల్లిలో ముప్ఫై ఏళ్లు బొగ్గు బాయిలో దిగి రిటైరైన మనిషి.

మొన్న చలికాలంలో అమ్మా నాన్నా టోక్యో వచ్చారు. మా ఆయన, ఏడేళ్ల పాప, నేను, వాళ్లిద్దరూ... మొత్తం ఐదుగురం. ఫుకుషిమా అనగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న మీరూ అడుగుతారు. "కరెంటు ప్లాంటు పేలింది అక్కడనే గదా?" ఆ ప్లాంటు ఇవాకికి ఉత్తరాన ఉంది, ఈ రిసార్ట్‌కి యాభై కిలోమీటర్ల పైన దూరం. ఇవాకి మామూలుగా జనం బతుకుతున్న పెద్ద ఊరు. పిల్లలు బడికి పోతున్నారు, బజార్లో చేపలు అమ్ముతున్నారు. ఈ మాట చెప్పాక అమ్మ చపాతీలు ఒత్తడం మొదలుపెట్టింది.

ఉఎనో స్టేషన్‌లో హితాచి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు గంటల పైచిలుకులో యుమోతో స్టేషన్‌లో దిగుతాం. నేరుగా రిసార్ట్‌కి పోకండి. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో బొగ్గు, శిలాజాల మ్యూజియం ఉంది. పేరు హోరురు. పాప కోసం వెళ్లాం. 1968లో ఒక హైస్కూల్ కుర్రాడు ఇవాకిలోనే కనిపెట్టిన పొడుగుమెడ సముద్ర జీవి ఫుతబాసుజుకి అస్థిపంజరం నమూనా అక్కడుంది. డోరేమాన్ సినిమాలో నోబిటా పెంచుకున్న పీసుకే ఆ జాతిదే. పాప దాని కింద నిలబడి ఎన్ని ఫొటోలు దిగిందో లెక్కలేదు.

ఆ తర్వాత గని నమూనాలోకి వెళ్లాం. చీకటి సొరంగం, దన్ను కర్రలు, టబ్బులు, నిజమైన మనుషుల్లా నిలబెట్టిన కార్మికుల బొమ్మలు. బోర్డులన్నీ ఎక్కువగా జపనీస్‌లోనే. నేను ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేయబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది హాలేజ్ రోప్. గది టబ్బు. వీడు కోల్ కట్టర్." ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి చెప్తున్నాడు. జపనీస్‌లో ఒక్క ముక్క రాదు. చదవాల్సిన అవసరమే రాలేదు. బట్టల్లేకుండా గోచీ మాత్రం పెట్టుకున్న కార్మికుల బొమ్మల ముందు మాత్రం ఆగిపోయాడు. "ఇంత ఉడుకు ఎందుకున్నది వీళ్లకు?"

కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఇవాకి కింద బొగ్గూ వేడినీళ్లూ కలిసి ఉన్నాయి. యుమోతో చాలా పాత వేడినీటి ఊటల ఊరు. జపాన్‌లో అతి పురాతనమైన మూడు ఊటల్లో ఒకటిగా చెప్పుకుంటారు. పందొమ్మిదో శతాబ్దంలో బొగ్గు తవ్వకం మొదలై గనులు లోతుకి పోయేకొద్దీ గోడల్లోంచి ఉడుకు నీళ్లు తన్నుకొచ్చాయి. కార్మికులు ఆవిరిలో పనిచేశారు. ఒక టన్ను బొగ్గు తీయాలంటే నలభై టన్నుల వేడినీళ్లు తోడిపొయ్యాల్సి వచ్చేదని అక్కడ చెప్తారు. గని అటు నీళ్లు లాగేస్తుంటే ఇటు ఊళ్లోని పాత ఊటలు ఎండిపోయాయి. కంపెనీకి ఆ నీళ్లు శుద్ధ దండగ, కార్మికుడికి ప్రాణాంతకం.

నాన్న పంపు నమూనా మీద చెయ్యేసి అన్నాడు. "ఇది ఆగితే బాయి బంద్ బిడ్డా. మాకు చల్లటి నీళ్లే వచ్చేటియి, అయినా భయమే. వీళ్లకు ఉడుకుడుకు నీళ్లు."

1960లు వచ్చేసరికి జపాన్ చమురు వైపు మళ్లింది. బొగ్గు గనులు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. జోబాన్ బొగ్గు కంపెనీలో పెద్ద పదవిలో ఉన్న నకామురా యుతాకా అనే ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఎట్లాగూ తోడి పారబోస్తున్న వేడినీళ్లతో ఒక డోమ్‌ని వెచ్చగా ఉంచి, మంచు కురిసే ఊళ్లో హవాయి కట్టేద్దామన్నాడు. సామాన్య జపనీయులకి విహారయాత్ర కోసం విదేశాలకి వెళ్లే వీలు దొరికింది 1964లోనే. ఖర్చేమో ఆకాశంలో ఉండేది. హవాయి అంటే కలలో మాట. ఆ కలని బస్సెక్కి వెళ్లేంత దగ్గరికి తెద్దామన్నది ఆయన లెక్క.

నవ్వినవాళ్లే ఎక్కువ. గని పనివాళ్లకైతే కోపం కూడా వచ్చింది. డాన్స్ చేసే అమ్మాయిలు టోక్యో నుంచి రాలేదు మరి. 1965లో కంపెనీయే ఒక డాన్స్ స్కూలు పెట్టి ఊరి పిల్లలకే నేర్పించింది. వాళ్లలో చాలామంది గని కార్మికుల కూతుళ్లు. నడుము కనిపించే గడ్డి పావడాలు కట్టుకుని పదిమందిలో ఆడడమంటే ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఎంత గొడవై ఉంటుందో మన ఊళ్లు తెలిసిన మీకు విడిగా చెప్పక్కర్లేదు. ఈ కథ మీద 2006లో 'హులా గర్ల్స్' అని సినిమా వచ్చింది. జపాన్ అకాడమీ ఉత్తమ చిత్రం అవార్డు కొట్టింది. దొరికితే చూడండి, కర్చీఫ్ దగ్గర పెట్టుకుని.

1966 జనవరిలో 'జోబాన్ హవాయియన్ సెంటర్' తెరిచారు. మొదటి ఏడాదే పది లక్షల మందికి పైగా వచ్చారు. గని మనుషులే అక్కడ వంటవాళ్లయ్యారు, తోటమాలులయ్యారు, హోటల్ గుమాస్తాలయ్యారు. నన్ను ఆపేసింది తేదీల వరస. పెద్ద గని మూతపడింది 1971లో, మిగిలింది 1976లో. అంటే గని ఇంకా నడుస్తుండగానే, జీతాలు ఇంకా వస్తుండగానే తర్వాతి బతుకుతెరువు మొదలుపెట్టేశారు. అయితే అంతా తియ్యటి కథే అనుకోకండి. గని నుంచి రోడ్డున పడ్డవాళ్లు వేలల్లో ఉంటే, ఒక ఈత కొలను ఎంతమందికి ఉద్యోగం ఇవ్వగలదు? చాలామంది ఊరు విడిచిపోయారు. కానీ ఊరు మాత్రం మిగిలింది.

ఇంక లోపలి సంగతులు. స్టేషన్ నుంచి రిసార్ట్ బస్సు ఎక్కి చేరాం. ముందుగా అమ్మ సమస్య. "ఆ బట్టలు నేనెయ్య." సరే, చేతులూ కాళ్లూ పూర్తిగా కప్పే స్విమ్ డ్రెస్ టోక్యోలోనే కొనిపెట్టాను. అక్కడ ఈత బట్టలు అద్దెకీ ఇస్తారు గానీ మన అమ్మలకి నచ్చే రకం ముందే తీసుకెళ్లడం మంచిది. డోమ్‌లో అందరూ, డెబ్భై ఏళ్ల బామ్మలతో సహా, ఏదో ఒకటి వేసుకుని నీళ్లలోనే ఉంటే అమ్మ గట్టు మీద అరగంట కూర్చుంది. తర్వాత పాదాలు పెట్టింది. తర్వాత మోకాళ్ల దాకా. మోకాళ్ల నొప్పులు ఉన్న మనిషికి వెచ్చటి నీళ్లు తగిలితే ఇంకేం కావాలి? గంట తర్వాత "పిల్లకు ఆకలైతుంది, రా" అని మేం పిలిస్తే "మీరు పోండి" అంది.

మా ఆయన మాత్రం బిగ్ అలోహా ఎక్కాడు. 40 మీటర్ల ఎత్తు నుంచి 283 మీటర్ల పొడవున గొట్టంలో జారడం. కిందికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు.

స్విమ్ డ్రెస్‌తో దిగే చోట్లు వేరు, అసలైన ఒన్‌సెన్ వేరు. ఒన్‌సెన్‌లో ఆడవాళ్లకీ మగవాళ్లకీ విడివిడిగా స్నానాలుంటాయి, నూలుపోగు కూడా ఉండకూడదు. చిన్న స్టూలు మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. జుట్టు ముడేసుకోవాలి, తువ్వాలు నీళ్లలో ముంచకూడదు. ఫోన్ లాకర్లోనే. రీల్ తీద్దామన్న ఆలోచన కలలో కూడా పెట్టుకోకండి. ఇక్కడ ఎడో కాలం నాటి వీధిలా కట్టిన ఆరుబయలు స్నానం ఉంది. వెయ్యి చదరపు మీటర్లు. గిన్నిస్ రికార్డుల్లోకి కూడా ఎక్కింది.

అమ్మని అడగడానికే నేను భయపడ్డాను. తనే వచ్చింది. "ఇక్కడ నన్నెవరు గుర్తుపడతరు?" అంది. లోపల పక్క స్టూలు మీదున్న ఒక పెద్దావిడ అమ్మకి నీళ్ల కుళాయి ఎట్లా తిప్పాలో చూపించింది. తర్వాత ఇద్దరూ ఆవిరిలో కూర్చుని ఎవరి భాషలో వాళ్లు మోకాళ్ల గురించే మాట్లాడుకున్నారు. మోకాళ్ల గురించేనని నాకెట్లా తెలుసంటే, ఇద్దరూ చూపించుకుంటున్నారు కాబట్టి.

టాటూ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. జపాన్‌లో ఒన్‌సెన్‌లు చాలావరకు టాటూని రానివ్వవు. యాకూజా ముఠాల గుర్తన్న పాత భయం. కొన్ని చోట్ల చిన్నదైతే స్టిక్కర్ అంటించుకుంటే ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల అదీ కుదరదు. టికెట్ కొనేముందే రూల్స్ చదువుకోండి. మా నాన్నమ్మ బతికుండి వచ్చుంటే ఆమె ముంజేతి మీది తేలు పచ్చబొట్టు చూసి గేటు దగ్గరే ఆపేసేవాళ్లేమో. యాకూజా నాన్నమ్మ!

రాత్రి షో వదలకండి. హులా, తాహితీ నాట్యాలు, నిప్పు కత్తుల ఆట. ముందు వరసలో నాన్న చేతులు కట్టుకుని కూర్చున్నాడు. 2011 మార్చి భూకంపం తర్వాత ఈ వేదిక పగిలిపోయి రిసార్ట్ మూతపడితే ఈ డాన్సర్లు బస్సెక్కి దేశమంతా తిరిగారు. సునామీలో ఇళ్లు పోయినవాళ్ల శిబిరాల్లో ఆడారు. కొందరి సొంత ఇళ్లే దెబ్బతిన్నాయి అప్పటికి. హోటల్లో కొంత భాగం నిర్వాసితులకి ఇచ్చారు. అదే ఏడు అక్టోబర్‌లో కొంత, 2012 ఫిబ్రవరిలో పూర్తిగా తిరిగి తెరిచారు. ఇదంతా నేను చెవిలో చెప్తుంటే నాన్న తల తిప్పకుండా విన్నాడు.

షో అయ్యాక గదిలో టీ తాగుతూ అడిగాడు. "మన బెల్లంపల్లిల బాయిలు మూసినంక ఏమాయె?"

నాకు తెలిసిందే ఆయనకీ తెలుసు. భూగర్భ గనులు మూసేసుకుంటూ పోతే మనుషులు మందమర్రికీ శ్రీరాంపూర్‌కీ గోదావరిఖనికీ బదిలీ అయ్యారు. క్వార్టర్లు పాడుబడ్డాయి, బజారు చిన్నదైంది. 1889లో సింగరేణి తొలి బొగ్గు తవ్విన ఇల్లందుదీ కొంచెం అటూ ఇటూగా అదే కథ. ఉద్యోగం బదిలీ అవుతుంది సరే, ఊరిని ఎక్కడికి బదిలీ చేస్తాం? మన దగ్గర హవాయి కట్టమని నేననడం లేదు. మండుటెండల ఊళ్లలో వేడినీళ్ల కొలను కట్టి ఎవర్ని రమ్మంటాం! కానీ బొగ్గు ఇంకా మిగిలుండగానే "తర్వాతేంటి" అని కంపెనీ, యూనియన్, ఊరు కలిసి కూర్చున్న సంగతి మన గనుల ఊళ్లలో పెరిగిన మా ఈడు వాళ్లం ఎన్నిసార్లు విన్నాం?

వేడినీళ్లు మన దగ్గరా ఉన్నాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచి ఉడుకు నీళ్లు వాటంతటవే ఎగజిమ్ముతాయి. సింగరేణి సంస్థ అక్కడ ఆ వేడితో కరెంటు తీసే 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. 20 కిలోవాట్లు చాలా చిన్న సంఖ్యే. ఈ మాట చెప్పగానే నాన్న ఫోన్ తీసి పాత దోస్తు ఎవరికో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. మణుగూరులో ఇంకా ఎవరున్నారని.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు ముక్కలు. అక్కడే రాత్రి ఉండేవాళ్లకి టోక్యో నుంచి రిసార్ట్ బస్సులున్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. రేట్లు సీజన్‌ని బట్టి మారతాయి. శాకాహారులు ఫుడ్‌కోర్టు మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. జపాన్ సెలవుల వారాలు తప్పించండి.

తిరుగు ప్రయాణంలో యుమోతో స్టేషన్‌కి కొంచెం ముందే చేరండి. ప్లాట్‌ఫాం మీదే పాదాలు పెట్టుకునే వేడినీళ్ల తొట్టి ఉంది. నాన్న సాక్సులు జేబులో కుక్కుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి కూర్చున్నాడు. పక్కన పాప. రైలు వస్తోందని అనౌన్స్‌మెంట్ మొదలైనా ఇద్దరిలో ఒక్కరూ కాళ్లు బయటికి తీయలేదు.