మానాలనుకున్నవాడు ఎక్కడ కూర్చోవాలి?

మన గోడ పత్రికలో తాగుడు మీద ఇప్పటికి చాలా వచ్చాయి. బొమ్మలు వచ్చాయి, గేయాలు వచ్చాయి. అన్నింట్లోనూ ఒకటే మాట, తాగకండి అని. ఆ మాట తాగేవాళ్ళకి తెలియదా? మా వీధిలో పొద్దున్నే అందరికంటే ముందు ఆ మాట అనేది వాళ్ళే. రేపట్నుంచి ముట్టనని ఒట్టు వేస్తారు. సాయంత్రానికి ఆ ఒట్టు గట్టు మీద ఉంటుంది. అందుకని నేను మానాలనుకుని మానలేనివాళ్ళ గురించి రాస్తున్నాను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు గారు మొత్తం మద్యనిషేధం పెట్టారు. 1997లో ఎత్తేశారు. ఆ తల్లుల పోరాటం గొప్పది, అందులో సందేహం లేదు. కానీ దుకాణం మూతపడటం వేరు, మనిషి మానటం వేరు. మన ఐ.పోలవరం మండలం వాళ్ళకి ఇది వేరే చెప్పాలా? ఎదుర్లంక దగ్గర గోదావరి దాటితే యానాం. అది పుదుచ్చేరి కిందది, మన నిషేధం అక్కడ చెల్లలేదు. అప్పట్లో వంతెన కూడా లేదు. అయినా దాహం ఉన్నవాడికి గోదావరి అడ్డమా?

మరి మనిషి ఎలా మానతాడు? నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెబుతాను. 1935 మే నెలలో అమెరికాలో బిల్ అనే షేర్ల వ్యాపారి పనిమీద ఏక్రన్ అనే ఊరు వెళ్ళాడు. తాగుడు మాని కొన్ని నెలలే అయింది. వెళ్ళిన పని చెడిపోయింది. హోటల్లో ఒక పక్క బారు, ఇంకో పక్క టెలిఫోను. అతను ఫోను దగ్గరికి వెళ్ళి చర్చిలకు ఫోన్లు చేశాడు. ఏమని? నాలాంటి తాగుబోతు మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా, మాట్లాడాలి అని! చివరికి బాబ్ అనే ఆపరేషన్ల డాక్టరు దొరికాడు. పావుగంట కన్నా కూర్చోనని వచ్చిన డాక్టరు గంటల తరబడి కూర్చున్నాడు. ఎందుకంటే ఎదుటివాడు బోధ చెయ్యలేదు, తన గోడు చెప్పుకున్నాడు. డాక్టరు ఆఖరిసారి తాగిన రోజు 1935 జూన్ 10 అని చెబుతారు. ఆ రోజునే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కపెడతారు.

ఆ మీటింగుల్లో ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. మానాలనే కోరిక ఒక్కటే అర్హత. ఒకడు చెబుతుంటే మిగతావాళ్ళు వింటారు. చదువు రానివాడికీ ఇబ్బంది లేదు, నోరూ చెవులూ ఉంటే చాలు. దేవుడి మాట వస్తుందని కొందరికి అభ్యంతరం. ఎవరికి తోచిన దేవుణ్ణి వాళ్ళు అనుకోవచ్చని వాళ్ళే చెబుతారు, కొండదేవతైనా సరే అని నేనంటాను. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఏళ్ళ తరబడి బాగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్సు, మతి తప్పటం రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

మన దేశంలో 1957 నుంచీ ఈ మీటింగులు ఉన్నాయి. హైదరాబాదు, విశాఖపట్నాల్లో జరుగుతాయి. ఇక్కడి కూలివాడు అక్కడికి పోవాలంటే రెండు రోజుల కూలి పోతుంది. ఫోనులో కూడా జరుగుతున్నాయి గానీ, ఒంటిగది ఇంట్లో పెళ్ళాం పిల్లల మధ్య ఫోను పట్టుకుని ఏం చెప్పుకుంటాడు? దగ్గర్లో ఏముందో కనుక్కోవటానికి 14446కి ఫోను చెయ్యొచ్చు, డబ్బులు పడవు. లేకపోతే ఇక్కడే మొదలుపెట్టాలి. మానాలనుకునేవాళ్ళు ఇద్దరు దొరికితే చాలు. ఏక్రన్‌లో మాత్రం ఎంతమంది?

చోటు సంగతి వచ్చేసరికి మన బడి ఇస్తే బాగుంటుందని స్నేహితులు అన్నారు. నేను వద్దంటాను. మన నాన్నలు, మావయ్యలు తలవంచుకుని మాట్లాడుతుంటే మనం కిటికీలోంచి చూస్తామా? సొంత ఊరూ వద్దు, సాయంత్రానికి రచ్చబండ మీద అదే కబురవుతుంది. మురమళ్ళ మేలు. అక్కడ వీరేశ్వరస్వామి కల్యాణానికి రోజూ ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. కొత్త మొహం కనబడితే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఒక గది, ఒక చాప, వారానికి గంటన్నర ఎవరైనా పెద్దలు ఇప్పించాలి.

బడిలో కావలసింది మనకి. తాగేవాళ్ళ ఇళ్ళవాళ్ళ కోసం 1951లో, పిల్లల కోసం 1957లో వేరే మీటింగులు మొదలయ్యాయి. పిల్లల దాన్ని మొదలుపెట్టింది కాలిఫోర్నియాలో ఒక కుర్రాడే. మనలో మన్యం నుంచి వచ్చినవాళ్ళం ఉన్నాం, ఇక్కడి యానాదుల, ఎరుకల పిల్లలం ఉన్నాం. సంక్రాంతి సెలవులంటే అందరూ గంతులేస్తుంటే ట్రంకుపెట్టె సర్దకుండా కూర్చునేవాళ్ళు ప్రతి గదిలో ఒకరిద్దరున్నారు. ఎందుకో మనం అడగం, వాళ్ళు చెప్పరు. వార్డెన్ గారు ఒప్పుకుంటే ఆదివారం టిఫిను తర్వాత ఎనిమిదో తరగతి గదిలో కూర్చుందాం. ఒక మాస్టారు ఉంటారు. పేర్లు రాసుకోం, విన్నది బయట చెప్పం. సెలవులకు ఇంకా టైముంది గనక వచ్చే ఆదివారమే వార్డెన్ గారిని అడుగుతున్నాను. నాతో రాదలచుకున్నవాళ్ళు నీళ్ళ ట్యాంకు దగ్గరికి రండి.