గదిలో మిరప తోట: ఋణం ముందా, లెక్క ముందా?



మట్టి లేకుండా, ఎండ సోకకుండా, నాలుగు గోడల నడుమ మిరప పండించవచ్చునని చెప్పే రంగుల కాగితాలు నేడు పల్లెలకు కూడా చేరుతున్నాయి. గొట్టాలలో పారే పోషక ద్రావణం, పైన ఎల్‌ఈడీ దీపాలు, నడుమ ఎర్రగా కాసిన మొక్కలు. ఆ బొమ్మ చూడముచ్చటగానే ఉంటుంది. దానికి ధరల పట్టికను జతపరచి ఋణం కోరుతూ బ్యాంకు శాఖకు వచ్చేవారు ఉన్నారు. వారిని ఎదుట కూర్చుండబెట్టుకొని నేను చెప్పే మాటలనే ఇక్కడ మీ ముందుంచుతున్నాను. ఈ విద్య బూటకం కాదు. అయినను ఎండుమిర్చి కొరకు గదిలో తోట వేయడానికి భూమిని తాకట్టు పెట్టడం తగదు. ఇదే విద్యను నారుమడి వరకు పరిమితం చేసుకొంటే రైతుకు నిజమైన మేలు కలుగుతుంది.

మొక్కకు కావలసినది మట్టి కాదు. మట్టి ద్వారా అందే నీరు, గాలి, ఖనిజ లవణాలు. 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రజ్ఞులు మొక్కలను నీటిలో పెంచి ఈ సంగతిని నిరూపించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గెరిక్ 1937లో ఈ పద్ధతికి హైడ్రోపోనిక్స్ అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చాడు. ఆ పేరుతో పాటు అతిశయోక్తులు కూడా వ్యాపించాయి. అప్పుడు అదే విశ్వవిద్యాలయానికి చెందిన హోగ్లాండ్, ఆర్నన్ అనే శాస్త్రజ్ఞులు 1938లో ఒక చిన్న పుస్తకాన్ని వెలువరించారు. వెలుతురు, వాతావరణం, మొక్కల మధ్య ఎడం సమానంగా ఉన్నప్పుడు సారవంతమైన నేలకంటె పోషక ద్రావణం చెప్పుకోదగినంత ఎక్కువ దిగుబడి ఇవ్వదని అందులో స్పష్టం చేశారు. హోగ్లాండ్ పేరుతో ప్రసిద్ధమైన ద్రావణాన్ని ప్రయోగశాలలలో నేటికీ వాడుతున్నారు. ఈ విద్యను బాగుగా ఎరిగినవారే దాని హద్దును కూడా చెప్పారని మనం గుర్తుంచుకోవాలి.

ఇక మిరప సంగతి చూద్దాం. ద్రావణపు ఉదజని సూచిక 5.5 నుండి 6.5 వరకు, లవణ సాంద్రతను తెలిపే ఇ.సి. సుమారు 1.5 నుండి 2.5 వరకు ఉండేటట్లు తరచుగా కొలిచి సరిచేస్తూ ఉండాలి. మన బోరు నీటిలోనే ఇ.సి. 2 ఉన్నట్లయితే ఎరువుకు ఇక చోటెక్కడిది? అట్టి నీటిని శుద్ధిచేసే యంత్రం వేరే ఖర్చు. ద్రావణం వేడెక్కితే అందులోని ప్రాణవాయువు తగ్గి వేళ్ళు కుళ్ళుతాయి. మన వేసవిలో నీటిని చల్లగా ఉంచడం సులభమైన పని కాదు. గదిలో గాలి వీచదు, తేనెటీగ రాదు. కావున పూత సమయంలో మొక్కలను మెల్లగా కదిలించడమో, పంకా పెట్టడమో చేయాలి. లేనిచో పూత రాలి కాపు పలుచబడుతుంది.

ఇవన్నీ శ్రద్ధగల రైతు నేర్చుకొనగలిగినవే. నేర్పుతో దాటలేని అడ్డంకి మరొకటి ఉంది. అది వెలుతురు. పొలంలో సూర్యుడు బిల్లు పంపడు. గదిలో ప్రతి కిరణానికీ వెల కట్టవలసిందే. ఈ లెక్కను మీరే కాగితం మీద వేసి చూడండి. ఒక చదరపు మీటరుకు 150 వాట్ల దీపాలు రోజుకు 14 గంటలు వెలిగించామనుకొందాం. రోజుకు 2.1 యూనిట్లు. నాటినది మొదలు చివరి కోత వరకు 150 రోజులనుకొంటే 315 యూనిట్లు. యూనిట్‌కు 7 రూపాయల చొప్పున 2,205 రూపాయలు. ఇది దీపాల ఖర్చు మాత్రమే.

ఇప్పుడు రాబడి చూడండి. ఎకరానికి 20 క్వింటాళ్ళ ఎండుమిర్చి పండితే చదరపు మీటరుకు అర కిలో వచ్చినట్లు. గదిలో దానికి ఆరు రెట్లు, అనగా 3 కిలోలు పండినదనే అనుకొందాం. కిలో 200 రూపాయలకు అమ్ముడుపోయినదని కూడా అనుకొందాం. చేతికి వచ్చేది 600 రూపాయలు. దీపాల ఖర్చులో మూడవ వంతుకు కూడా ఇది చాలదు. గొట్టాలు, పంపులు, ఎరువులు, కూలి, వడ్డీ ఇంకా లెక్కలోకి రానే లేదు. వ్యవసాయ పంపుసెట్లకు ఇచ్చే ఉచిత విద్యుత్తును చూసుకొని గదిలోని దీపాలను కూడా ఆ ఖాతాలో వేయకండి. మీ గదికి ఏ తరగతి రేటు వర్తిస్తుందో విద్యుత్ కార్యాలయంలో వ్రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఒక వేసవిలో ఇట్టి గదిని తనిఖీ చేయవలసి వచ్చింది. యజమాని చదువుకొన్న యువకుడు, కష్టపడే స్వభావం కలవాడు. ముందురోజు రాత్రి కరెంటు పోయింది; జనరేటర్ కదలలేదు. పలుచని నీటి పొర మీద ఆధారపడిన వేళ్ళు తెల్లవారేసరికి గొట్టాలలో ఎండిపోయి దారపు పోగుల వలె ఉన్నాయి. అదే మొక్క నేలలో ఉంటే ఒక తడి ఆలస్యమైనా తట్టుకొనేది. గుమ్మంలో నిలబడిన అతని తల్లి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "అయ్యా, మరి పొలం కాగితాలు ఎప్పుడిస్తారు?" నా వద్ద ఉన్నది వాయిదాల పట్టిక మాత్రమే. ఆ ఋణ దరఖాస్తుపై సిఫారసు వ్రాసినవారు మా వృత్తిలోని వారే కనుక ఈ తప్పులో మాకూ భాగం ఉన్నదని ఒప్పుకొంటున్నాను.

ఆ ప్రశ్నలోనే అసలు విషయమంతా ఉంది. రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుండి పూచీకత్తు లేని వ్యవసాయ ఋణ పరిమితిని 1.6 లక్షల నుండి 2 లక్షల రూపాయలకు పెంచింది. గదిలో తోటకు ఆ మొత్తం చాలదు. అంతకు మించిన ఋణానికి సాధారణంగా భూమి తాకట్టుకు వస్తుంది. గది విఫలమైతే పోయేది గది కాదు, గదితో సంబంధం లేని పొలం. రాయితీ వస్తుంది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. ఋణంతో ముడిపడిన రాయితీ పని పూర్తయి, తనిఖీ ముగిసిన తరువాత ఖాతాకు చేరేది. నష్టాన్ని లాభంగా మార్చే శక్తి దానికి లేదు.

అట్లని ఈ విద్యను త్రోసిపుచ్చమని నేను చెప్పడం లేదు. మిరపకు అది నిజంగా అక్కరకు వచ్చేది తొలి 35, 40 రోజులలో. విత్తనం ఖరీదైనది. మట్టి మడిలో నారుకుళ్ళు తెగులు సోకితే ఒక్క వారంలో మడి మడి పోతుంది. తెల్లదోమ ద్వారా వచ్చే జెమిని వైరస్ నారులోనే అంటుకొంటే పొలంలో ఎన్ని మందులు చల్లినా ప్రయోజనం ఉండదు. పురుగులు చొరబడని వల కింద, బాగుగా కడిగిన కొబ్బరి పొట్టు నింపిన ట్రేలలో, పలుచని పోషక ద్రావణంతో నారు పెంచితే ఈ రెండు బెడదలూ చాలావరకు తగ్గుతాయి. ఇది కూడా మట్టిలేని సాగే. కాని ఇక్కడ వెలుతురు సూర్యునిదే. ఎకరానికి పది వేల మొక్కలనుకొంటే 98 గుంతల ట్రేలు 103 సరిపోతాయి. ఎకరం పంటకు కావలసిన నారు మీ పెరటిలోనే ఇముడుతుంది.

అయితే దీనికీ హద్దు ఉంది. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల మిరప తోటలను దెబ్బతీసిన కొత్త తామర పురుగును మీరు మరచి ఉండరు. ఎందరో పూతతో ఉన్న తోటలను పీకివేయవలసి వచ్చింది. అంత చిన్న పురుగును వల పూర్తిగా ఆపలేదు. నాటిన తరువాత పొలంలో వలే ఉండదు. ఆరోగ్యమైన నారు మంచి ఆరంభమే గాని పంటకు హామీ కాదు. ఇక నారు పెంచి అమ్మదలచినవారు ఉద్యాన శాఖ వద్ద నమోదు చేయించుకొని, ముందుగా రైతుల నుండి కోరిక పత్రాలు తీసుకొన్న పిదపనే ఋణానికి రావాలి.

గదిలో మిరప పెంచవలెననే ముచ్చట ఉన్నవారు ఒక మూత బకెట్టు, చేపల తొట్టికి వాడే చిన్న గాలి పంపు, ఒక దీపంతో రెండు మొక్కలు పెంచి చూడండి. వంటింటికి పచ్చిమిరపకాయలు వస్తాయి. దానితో పాటు అనుభవమూ వస్తుంది. ఆ ఖర్చు మీ జేబులోనిదై ఉండాలి, బ్యాంకుది కారాదు. ఆ బకెట్టు కరెంటు ఖర్చును, కాసిన కాయల తూకాన్ని ఒక పంట కాలం పుస్తకంలో వ్రాసుకోండి. తరువాత ఆ పుస్తకాన్ని మా వద్దకు తెండి. రంగుల కాగితం కంటె దానిని నేను ఎక్కువ గౌరవిస్తాను.

విక్రేత మిత్రులకు ఒక మనవి. మీరిచ్చే ధరల పట్టికలో సామగ్రి వెలతో పాటు నెలసరి విద్యుత్ ఖర్చు, కరెంటు పోయినపుడు చేయవలసిన ఏర్పాటు, పంటను కొనేవారి వివరాలు కూడా వ్రాసి సంతకం చేయండి. గొట్టాలు ఒక్కసారి అమ్ముడవుతాయి. విత్తనాలు, ఎరువుల కొరకు రైతు ఏటేటా మీ దుకాణానికే రావాలి. తాకట్టులో పొలం పోగొట్టుకొన్న రైతు మరి మీ మెట్లు ఎక్కడు.

రైతు మిత్రులారా, కొత్త విద్యను చూసి భయపడవద్దు, మురిసిపోవద్దు. దీపం ఖర్చెంత? కరెంటు పోతే గతి ఏమి? కొనేవారెవరు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసుకొన్న తరువాతనే ఋణ పత్రంపై సంతకం చేయండి. అంతవరకు పొలం కాగితాలు మీ ఇంటి పెట్టెలోనే ఉండనివ్వండి.