చుట్టం పేరుతో వచ్చే ఫైలు

తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో డైరెక్టర్ గారికి,

2019లో మా నల్లగొండ, పాలమూరు జిల్లాలకు కరెంటిచ్చే దక్షిణ డిస్కం వెబ్‌సైటే, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ దెబ్బకు ఆగిపోయింది. అంతటి సంస్థకే అట్లయితే, మండల కేంద్రంలో ఒక్క కంప్యూటర్‌తో నడిచే జిరాక్స్ సెంటర్ సంగతేమిటి?

ఆ సెంటర్ పిల్లగాడికి పొద్దంతా మెయిల్లో అటాచ్‌మెంట్లు వస్తూనే ఉంటాయి. పహాణీ, హాల్‌టికెట్, ఆధార్. పంపిందెవరో చూసే తీరికుండదు, తెరిచి ప్రింటు తీయడమే. ఫైలు పేరు చివర 'పీడీఎఫ్' అని కనిపిస్తుంది. దాని వెనక విండోస్ దాచిన 'ఈఎక్స్‌ఈ' కనిపించదు. అది పత్రం కాదు, ప్రోగ్రాం. తెరిస్తే ఊరందరి కాగితాలూ దొంగ చేతిలో పడ్డట్టే.

ఫోన్లలో అదే పని చేసేది ఏపీకే ఫైలు, అంటే యాప్. పెళ్లిపత్రికనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో వస్తుంది, అదీ సొంత బామ్మర్ది నంబరు నుంచి. అతని ఫోను అప్పటికే దొంగల పాలైందని ఎవరికి తెలుసు? ముంబైకి వలసపోయిన కొడుకు పంపాడనుకుని తెరిచిన తల్లిని నేను తప్పుపట్టలేను. ఆ యాప్‌కు మెసేజ్‌లు చదివే అనుమతి ఇస్తే చాలు, ఓటీపీ నేరుగా దొంగలకు చేరుతుంది.

మీ సిబ్బందిని మా రైతు వేదికలకు పంపండి. ఫైలు పూర్తి పేరు కనిపించేలా సెట్టింగు మార్చడం, పంపినవాళ్లకు ఫోన్ చేసి అడిగాకే తెరవడం, ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులో దాచి వైరు పీకేయడం దగ్గరుండి చేసి చూపించమనండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని ప్రతి మీసేవ గోడమీదా రాయించండి. పీఎం కిసాన్ వచ్చే విడత పడేలోపే మొదలుపెట్టండి.

ఇట్లు,
నల్లగొండ జిల్లా పౌరుడు