మాయన్లు మాయం కాలేదు

మొన్న హాస్టల్లో ఒక వీడియో చూశాను. మెక్సికోలోని కోస్టా మాయా రేవులో ఓడ దిగిన టూరిస్టులు పొద్దున చక్చోబెన్ పిరమిడ్ గుళ్లు చూసి, మధ్యాహ్నం బకలార్ సరస్సులో ఈత కొట్టి, సాయంత్రానికి ఓడెక్కేశారు. "మాయన్లు అంతరించిపోయారు" అన్నాడు వీడియో తీసినాయన.

తప్పు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇవాళ్టికీ మాయా భాష మాట్లాడుతున్నారు. భూముల కోసం, పన్నుల భారం మీద 1847లో తిరగబడ్డది వాళ్లే. 1858లో ఆ బకలార్‌నే పట్టుకున్నారు. రాళ్లకు టికెట్ పెట్టి, బతికున్న మనుషుల్ని "ఒకప్పుడు ఉండేవాళ్లు" అనడం అన్యాయం కాదా?

అరకులో మన థింసా ఫొటో తీసుకుని రైలెక్కేవాళ్లకూ మనం బొమ్మలమే. రావొద్దని నేననట్లేదు. కానీ మన ఊళ్లు చూపించే గైడ్ మనవాడే కావాలి. మన కథ మనమే చెప్పాలి.

జై ఆదివాసీ!