ఉస్తాద్ చెవికి చేరేలోగా

అరబీ భాషలో 'ఇస్మ్' అనే పదాలు రెండు ఉన్నాయి. 'సీన్' అక్షరంతో పలికితే దాని అర్థం పేరు. 'సా' అక్షరంతో, నాలుక కొనను పై పళ్ల అంచుకు ఆనించి పలికితే దాని అర్థం పాపం. 'సైఫ్' కూడా ఇలాంటిదే. 'సీన్'తో అయితే ఖడ్గం, 'సాద్'తో అయితే వేసవి. మన తెలుగు లిపి ఈ మూడు అక్షరాలనూ ఒకే 'స'తో రాస్తుంది. అందుచేత తెలుగు బిడ్డకు పుస్తకం ఒక్కటే చాలదు. ఉస్తాద్ పెదవులను చూడాలి, ఆయన పలికినది వినాలి, తాను పలికి వినిపించాలి. దివ్య ఖుర్ఆన్ పారాయణం తరతరాలుగా నోటి నుండి చెవికి, చెవి నుండి నోటికి అందుతూ వచ్చింది. తజ్వీద్ విద్యకు పునాది ఇదే.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయ్యాక ఈ విద్యలో కొంత భాగం కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. లాక్‌డౌన్ ముగిసినా ఆ అలవాటు మిగిలింది. జంగారెడ్డిగూడెంలోని పిల్లలు వేరే ఊరి ఖారీ సాహెబ్ వద్ద సబఖ్ చెప్పుకుంటున్నారు. గోదావరి జిల్లాల నుండి కువైట్‌కు, దుబాయ్‌కి వెళ్లిన కుటుంబాల పిల్లలు ఇక్కడి ఉస్తాదులకు చదివి వినిపిస్తున్నారు. ఇది అల్లాహ్ అనుగ్రహమే. అయితే శిష్యుని పెదవికీ గురువు చెవికీ మధ్య ఇప్పుడు మూడవవాడు ఒకడు చేరాడు. గురుపరంపరలో అతని పేరు ఉండదు, తెర మీద ముఖమూ కనిపించదు. కంప్యూటర్ లోపల కూర్చుని శబ్దాన్ని 'మెరుగుపరిచే' ప్రోగ్రామే అతడు.

తల్లులు చెప్పే ఫిర్యాదు ఇంచుమించు ఒకటే. "హజ్రత్, ఇంట్లో మా పాప చక్కగా చదువుతుంది. కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం ఉస్తాద్ గారు మళ్లీ మళ్లీ సరిదిద్దుతారు. మద్ద్ మధ్యలో తెగిందంటారు, గున్నా వినిపించలేదంటారు. పాప ఏడుస్తోంది." ఇటువంటి చోట బిడ్డ సోమరిదనీ, ఉస్తాద్ కఠినుడనీ తీర్పు చెప్పే ముందు యంత్రాన్ని కూడా విచారించడం న్యాయం.

విండోస్ కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అక్కడి జాబితాలో 'విండోస్ ఆడియో డివైస్ గ్రాఫ్ ఐసోలేషన్' అనే పేరు కనిపిస్తుంది. దాని ఫైలు పేరు 'ఆడియోడీజీ'. దీనిని చూసి వైరస్ అని భయపడేవారు చాలామంది. నిజానికి ఇది విండోస్‌లోని భాగమే. విండోస్ ఎక్స్‌పీ కాలంలో శబ్దాలను కలిపే పని వ్యవస్థ గర్భంలోనే జరిగేది. అక్కడ లోపం తలెత్తితే కంప్యూటర్ మొత్తం నిలిచిపోయే ప్రమాదం ఉండేది. 2007లో ప్రజలకు అందిన విండోస్ విస్టా నుండి, సౌండ్ కార్డు తయారీదారులు జోడించే శబ్ద సంస్కారాలను వేరే గదిలో పెట్టినట్లుగా ఈ ప్రోగ్రామ్‌లో ఉంచారు. అందులో ఏదైనా చెడిపోయినా మిగిలిన ఇల్లు నిలుస్తుంది.

అనుమానం తీరకపోతే ఆ పేరు మీద మౌస్ కుడి మీట నొక్కి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' ఎంచుకోండి. సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో, సిస్టమ్ 32లో ఉంటే అది అసలైనదే. మరెక్కడైనా ఉంటే విండోస్ సెక్యూరిటీతో తనిఖీ చేయించండి. అసలైన ఫైలును మాత్రం తొలగించవద్దు. 'ఎండ్ టాస్క్' నొక్కినా ప్రయోజనం ఉండదు. శబ్దం ఆగిపోతుంది, లేదా ఆ ప్రోగ్రామ్ మళ్లీ మొదలవుతుంది. అది ప్రాసెసర్‌ను అధికంగా వాడుతుంటే, కారణం తరచుగా దానిలో నడిచే శబ్ద సంస్కారమే. కనుక మందు వేయవలసింది అక్కడే.

ఆ సంస్కారాలలో మైక్‌కు సంబంధించినవి ముఖ్యంగా మూడు. మొదటిది రొదను అణచడం. ఫ్యాను, కూలర్ వంటి ఎడతెగని శబ్దాన్ని గుర్తించి తగ్గిస్తుంది. రెండవది ప్రతిధ్వనిని తీసివేయడం. స్పీకర్ నుండి వచ్చిన ఉస్తాద్ స్వరం మళ్లీ మైక్‌లో పడి ఆయనకే వినిపించకుండా చూస్తుంది. మూడవది స్థాయిని సమం చేయడం. మెల్లని స్వరాన్ని పెంచి, గట్టి స్వరాన్ని తగ్గిస్తుంది.

ఇవి సాధారణ సంభాషణ కోసం తయారైనవి. మాటలో స్వరం క్షణక్షణం మారుతుంది, పారాయణంలో అలా కాదు. ఆరు హరకత్‌ల మద్ద్‌లో స్వరం నిలకడగా సాగుతుంది. 'నూన్', 'మీమ్'ల గున్నా కూడా అంతే. నిలకడగా సాగేది రొద అని నేర్చిన ప్రోగ్రామ్ దానినీ అణచవచ్చు. 'సీన్', 'సాద్'ల ఈల వంటి శబ్దం, 'హా' అక్షరంలోని ఊపిరి గాలి చప్పుడును పోలినవి. వాటికీ కత్తెర పడుతుంది. పాత టెలిఫోన్ సుమారు 300 నుండి 3,400 హెర్ట్జ్ వరకే శబ్దాన్ని మోసేది. 'స' శబ్దపు బలం చాలావరకు అంతకు పైన ఉంటుంది. అందుకే ఫోనులో అక్షరాలు చెప్పేటప్పుడు 'ఎస్'కూ 'ఎఫ్'కూ తేడా తెలియక తికమక పడేవాళ్లం. ఇక ప్రతిధ్వనిని తీసే ప్రోగ్రామ్, ఇద్దరూ ఒకేసారి పలికితే ఒకరి స్వరాన్ని తగ్గించవచ్చు. ఉస్తాద్‌తో గొంతు కలిపి చదివే పద్ధతి తెర మీద సరిగా సాగకపోవడానికి ఇదొక కారణం. శబ్దం చేరడంలో జరిగే ఆలస్యం మరొకటి.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. కంప్యూటర్‌లోని సౌండ్ రికార్డర్ తెరిచి, బిడ్డ చేత మూడు పనులు చేయించండి: 'సీన్', 'సాద్', 'సా' విడివిడిగా పలికించండి, ఒక దీర్ఘ మద్ద్ చదివించండి, ఒక గున్నా నిలిపించండి. రికార్డింగ్‌లోనే స్వరం తెగితే, కారణం మైక్‌లోనో విండోస్ సంస్కారాలలోనో ఉంది. రికార్డింగ్ బాగుండి పాఠంలో మాత్రమే తెగితే, కారణం సమావేశపు యాప్‌లోనో ఇంటర్నెట్‌లోనో ఉంది. రెండు చోట్లా స్వరం చక్కగా ఉంటేనే బిడ్డ ఉచ్చారణను సరిదిద్దే మాట.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్ వరుసలో వెళ్లి మైక్‌ను ఎంచుకుంటే 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' కనిపిస్తుంది. దానిని 'ఆఫ్' చేయండి. విండోస్ 10లో సౌండ్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి, రికార్డింగ్ విభాగంలో మైక్ ప్రాపర్టీస్‌కు వెళితే 'ఎన్‌హాన్స్‌మెంట్స్' ఉంటుంది. కొన్ని కంప్యూటర్లలో ఇవి రియల్‌టెక్, డాల్బీ, వేవ్స్ వంటి ప్రత్యేక ప్రోగ్రామ్‌లలో ఉంటాయి. అక్కడ కూడా చూడాలి. జూమ్‌లో ఆడియో సెట్టింగ్స్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అనే సౌకర్యం ఉంది. పేరు సంగీతకారులది అయినా పని మనకూ పనికివచ్చేదే: స్వరాన్ని దిద్దకుండా పంపుతుంది. ఒక్కొక్క మార్పు చేసి, ఒక్కొక్కసారి పరీక్షించండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది దోషమో తెలియదు.

ఈ కాపలావాడిని పంపివేశాక ఇంటి రొదను మనమే చూసుకోవాలి. ఆ అరగంట ఫ్యాను వేగం తగ్గించండి. రోడ్డు వైపు కిటికీ మూయండి. ఇయర్‌ఫోన్లు పెడితే ఉస్తాద్ స్వరం మైక్‌లో పడదు, ప్రతిధ్వని బెడద చాలావరకు తీరుతుంది. వాన పడుతున్నప్పుడు రేకుల ఇంట్లో పాఠం సాగదు. ఉస్తాద్‌కు కబురు చేసి సమయం మార్చుకోవడమే మేలు. ఇంటి నుండి ఉద్యోగం చేసే తండ్రి, చంటిబిడ్డ ఏడుపు మధ్య మాట్లాడవలసిన తల్లి ఆ సంస్కారాలను మళ్లీ వేసుకోవచ్చు. వారి అవసరానికి అవి మేలే చేస్తాయి.

ఉస్తాదులకు ఒక విన్నపం. తెర మీద విన్న తప్పును వెంటనే బిడ్డ ఖాతాలో రాయకండి. అదే సబఖ్‌ను రికార్డు చేసి పంపమని అడగండి. వీలైనప్పుడు ఎదుట కూర్చోబెట్టి వినండి. దూరదేశంలో ఉన్న బిడ్డ అయితే అక్కడి మసీదులో తజ్వీద్ తెలిసిన వారికి అప్పగించి విననివ్వండి. సరిగా పలికిన అక్షరాన్ని పదేపదే తప్పంటే, బిడ్డ ఆ సరైన ఉచ్చారణను విడిచి యంత్రానికి నచ్చిన ఉచ్చారణను పట్టుకుంటుంది. ఆ తరువాత దానిని మాన్పించడం ఎంత కష్టమో బోధించేవారందరికీ తెలుసు.