తెలుగు కార్డుకు నకలు ఎవరు చేస్తారు?

ఉగాది సంచికలో పాత కంప్యూటర్ల గోల ఏమిటని విసుక్కోకండి. మనలో చాలామందికి అన్నం పెట్టినవి ఆ పెట్టెలే కదా!

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పీసీ సొంతంగా చేయగలిగింది తక్కువ. లోపల ఖాళీ స్లాట్లు ఉండేవి. పాట కావాలంటే ఒక కార్డు, బొమ్మ కావాలంటే ఇంకొకటి కొని గుచ్చుకోవాలి. ఆ కార్డులు తయారుచేసిన కంపెనీలు చాలావరకు మూతపడ్డాయి. ఇప్పుడు కొందరు ఔత్సాహికులు వాటికి నకళ్లు చేస్తున్నారు. 1987 నాటి యాడ్‌లిబ్ సంగీత కార్డు, 1989 నాటి మొదటి సౌండ్ బ్లాస్టర్ అలా మళ్లీ పుట్టినవే. యాడ్‌లిబ్ వారు తమ గుట్టు బయటపడకూడదని చిప్పుల మీద పేర్లు గీకేసి అమ్మారు. అయినా అసలు చిప్పు యమహా వారి వై.ఎం.3812 అని లోకానికి తెలిసిపోయింది.

బోర్డుకు నకలు తీయడం ఇప్పుడు పెద్ద పని కాదు. స్కాన్ చేసి, రాగి గీతల వెంట నడిచి, బొమ్మ మళ్లీ గీసి పంపితే ఫ్యాక్టరీ వాళ్లు కొద్ది డాలర్లకే చేసిస్తారు. కష్టమంతా చిప్పుల దగ్గర. మామూలువి దొరుకుతాయి. కంపెనీ ప్రత్యేకంగా చేయించుకున్నవైతే, వాటి ప్రవర్తనను బయటినుంచి గమనించి వేరే చిప్పులో రాసుకోవాలి.

ఇదంతా ఆటల పిచ్చి అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. నా బాధల్లా ఒకటే. ఆటల కార్డులకు ఉన్న ఈ భాగ్యం మన అక్షరాల కార్డుకూ దక్కాలి.

ఆ కార్డు పేరు జిస్ట్. 1980లలో కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలైన ఈ పని పుణెలోని సి-డాక్ ద్వారా బజారుకు వచ్చింది. దీన్ని గుచ్చితే వర్డ్‌స్టార్, డీబేస్ లాంటి ఇంగ్లీషు ప్రోగ్రాముల్లోనే తెలుగు కనిపించేది. తాను తెలుగు రాస్తున్నట్టు పాపం ఆ ప్రోగ్రాముకే తెలియదు! అది పంపిన సంకేతాలను అందుకుని గుణింతాలు, ఒత్తులు కూర్చి తెరమీద పెట్టేది కార్డే. సంకేతాలు భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడివి కాబట్టి, తెలుగులో కొట్టిన పేరును దేవనాగరిలోనూ చూసుకోవచ్చు. ఆ సంకేత పద్ధతి పేరు ఇస్కీ. దాని 1988 నాటి వరుసనే యూనికోడ్ తీసుకుంది. మీ ఫోనులో తెలుగు ఆ వంశానిదే.

ఇస్కీ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు, దానికి కార్డు అక్కర్లేదు, నిజమే. కానీ ఆ కొద్ది చుక్కల్లో 'స్త్రీ'ని ఎలా ఇరికించారో ఫైలు చెప్పదు. ఎమ్యులేటర్ చాలదా అంటారు. అది అసలులాగే నడుస్తోందని తేల్చుకోవడానికైనా పక్కన అసలు కార్డు ఒకటి ఉండాలి కదా.

చట్టం సంగతీ ఉంది. భారతదేశంలో చిప్పు నమూనాకు 2000 నాటి చట్టం ఇచ్చే రక్షణ పదేళ్లే. అందులోని ప్రోగ్రాముకు కాపీరైటు మాత్రం చాలాకాలం నిలుస్తుంది. అందుకే దొంగచాటు నకళ్లు వద్దంటాను. ప్రభుత్వ సంస్థ ప్రజల సొమ్ముతో చేసిన కార్డు ఇది. దాని సర్క్యూట్ బొమ్మలూ, ప్రోగ్రామూ అందరికీ అనుమతితో ఇవ్వాలని మన సంఘాలు ఉత్తరం రాస్తే తప్పేముంది? నకలు మీద 'నకలు' అనీ, చేసిన సంవత్సరమూ అచ్చు వేయాలి. లేకపోతే రేపు దాన్నే అసలని అమ్మేవాళ్లు బయలుదేరతారు.

ఆలస్యం మాత్రం పనికిరాదు. ఆనాటి కార్డుల్లో ప్రోగ్రాము దాచే ఈప్రామ్ చిప్పుల్లో విద్యుదావేశం ఏళ్లు గడిచేకొద్దీ కారిపోతుంది. మీ గరాజులోనో, ఊళ్లో అన్నయ్యగారి పాత ఆఫీసు బీరువాలోనో అలాంటి కార్డు ఉంటే పారేయకండి. కరెంటు పెట్టి చూడకండి, ముందు ఆ చిప్పులోని సమాచారం చదివించండి. చిప్పు మీద చిన్న గాజు కిటికీకి స్టిక్కరు అంటించి ఉంటుంది. దాన్ని మాత్రం ఊడదీయకండి, ఎండ తగిలితే లోపలి రాత చెరిగిపోతుంది.